తోమని చెంబు

చిన్నమ్మలు చేతికి ఒక గది తాళంచెవి వచ్చిందంటే కాలేజీలో సగం మంది నమ్మలేదు. ఇరవై ఆరేళ్లుగా ఆవిడ అక్కడ ఊడుస్తోంది. ప్రిన్సిపాళ్లు తొమ్మిది మంది మారారు, చీపుళ్లు ఎన్ని మారాయో ఆ దేవుడికే తెలియాలి. ఇన్నేళ్లలో ఏ బీరువా తాళమూ ఆవిడ కొంగున పడలేదు. అలాంటిది, హిస్టరీ చెప్పే సుబ్రహ్మణ్యేశ్వరరావు మేస్టారు తనంతట తనే పిలిచి, కొత్తగా పెడుతున్న మ్యూజియం గది తాళంచెవి చేతిలో పెట్టారు.

"ఇకనించి ఈ గది మీదేనమ్మా. నేను లేనప్పుడు ఎవరొచ్చినా మీరే తియ్యాలి."

"ఆయ్," అంది చిన్నమ్మలు. ఇంటికెళ్లేదాకా ఆటోలో కొంగుముడి మీంచి చెయ్యి తియ్యలేదు.

మ్యూజియం అంటే ఏ మేడో అనుకునేరు! పాత కెమిస్ట్రీ సామాన్ల గది అది. యాసిడ్ కంపు పోవడానికి చిన్నమ్మలే నాలుగుసార్లు కడిగింది. మేస్టారు మాత్రం దానికోసం మూడేళ్లు ప్రతి ఆదివారం స్కూటరేసుకుని కోనసీమంతా తిరిగారు. కాట్రేనికోనలో ఒక ముసలాయన దగ్గర పడవ తెడ్డు, అప్పనపల్లిలో ధాన్యం కొలిచే కుంచం, జొన్నాడలో ఎవరి అటక మీదో మూలిగే రాగి కాసులు. "మన తాతలు ఏం తిన్నారో, దేంతో కొలిచారో పిల్లలకి తెలియొద్దండీ?" అని గుమ్మం గుమ్మానికీ వెళ్లి బతిమాలారు. కొత్తపేటలో భూలక్ష్మిగారని ఎనభై దాటిన పెద్దావిడ, అత్తగారి నాటి ఇత్తడి గంగాళం ఇచ్చారు. నలుగురు పట్టుకుంటే గాని అది లేవలేదు.

ప్రతి ఇంట్లోనూ ఆయన ఒకటే మాట చెప్పారు. తోమకండి, ఉన్నది ఉన్నట్టే ఇవ్వండి అని. పాత రాగికి పట్టిన చిలుము విలువేమిటో కాలేజీ పిల్లలకి గంటసేపు పాఠం కూడా చెప్పారు. చెప్పనిదల్లా ఒక్క చిన్నమ్మలుకే. ఆ గంటలో ఆవిడ వరండా తుడుస్తోంది.

ప్రారంభోత్సవం రేపనగా మేస్టారు పేర్ల కార్డులు తేవడానికి రాజమండ్రి వెళ్లారు. చిన్నమ్మలు గది తీసి చూసింది. గంగాళం మసి బారి ఉంది. దీపపు కుందులు పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. కాసులు చూస్తే మట్టి బిళ్లలే. రేపు ఊరంతా వస్తుంది, కలెక్టరాఫీసు నుంచి కూడా ఎవరో వస్తారట. ఈ గదికి ఆడదిక్కు లేదా అనరూ? గది మీదేనని మేస్టారే అన్నారాయె!

ఇక ఊరుకుంటుందా! కొట్టుకెళ్లి కేజీ చింతపండు తెచ్చింది. ఇటుక ముక్క మెత్తగా నూరింది. కొబ్బరి పీచుకి కోనసీమలో కొదవేముంది? కొంగు దోపుకుని, పంపు దగ్గర కూచుని, పొద్దు వాలేదాకా తోమింది. గంగాళం ఒక్కటీ లేవదు గనక గదిలోనే దాని చుట్టూ తిరిగి తోమింది. వేళ్లు ఒరుసుకుపోయాయి. ఆఖరికి గంగాళంలో తన ముఖం తనకి కనబడితే ముచ్చటేసింది. మేస్టారు ఏమంటారో విందామని గుమ్మంలోనే నిలబడింది.

మేస్టారు వచ్చారు. లోపలికి రెండడుగులు వేసి ఆగిపోయారు. కార్డుల కట్ట కింద పెట్టి, ఒక కాసు తీసి వెలుగులో తిప్పి చూశారు. అసలే అంతంత మాత్రంగా ఉన్న అక్షరాలు ఇటుక పొడికి అరిగిపోయాయి.

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు. మెట్టు మీద కూలబడి, "ఆ చిలుమే దాని వయసు. వందేళ్లు పట్టింది అది రావడానికి," అన్నారు. తరవాత చెయ్యి చాపారు. "తాళంచెవి ఇలా ఇవ్వండి చిన్నమ్మలుగారూ."

నోరారా అమ్మా అని పిలిచే మనిషి అంత మర్యాదగా పేరు పెట్టి పిలిచేసరికి ఆవిడకి తల కొట్టేసినట్టయింది. కొంగుముడి విప్పి తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. మంచికి పోతే చెడు ఎదురైందంటారే, అదే అయింది ఆవిడ పని.

మర్నాడు పెద్దలొచ్చారు, రిబ్బన్ కత్తిరించారు, ఫోటోలు దిగారు. చిన్నమ్మలు చీపురు పట్టుకుని వరండా స్తంభం చాటునే ఉండిపోయింది. అసలు రాకూడదనే అనుకుంది గానీ, రాకపోతే ఊడ్చేదెవరు?

జనమంతా వెళ్లాక గేటు దగ్గర ఆగి ఉన్న ఆటోలోంచి భూలక్ష్మిగారు దిగారు. మనవరాలి భుజం పట్టుకుని మెల్లగా లోపలికొచ్చి, గంగాళం ముందు నిలబడి, దాని అంచు చుట్టూ చేత్తో తడిమారు.

"దీన్ని ఎవరు తోమేరండీ?"

మేస్టారు నీళ్లు నమిలారు. "పొరపాటైపోయిందండి. ఇక్కడ పనిచేసే ఆవిడొకరు తెలియక..."

"పొరపాటేవిటండీ మేస్టారూ!" పెద్దావిడ అడ్డుపడ్డారు. "మీరు తోమొద్దన్నారని మసితోనే పంపించేను. అప్పట్నించీ నాకు అన్నం సయిస్తే ఒట్టు. పదిమందిలో పెడతారు, ఆ ఇంటి కోడలికి గిన్నె తోమడం కూడా రాదంటారు, మా అత్తగారి పేరు పోతుందని ఒకటే దిగులు. సిగ్గేసి, అందరూ వెళ్లేదాకా ఆటోలోనే కూచున్నానండి. నేను కాపరానికొచ్చిన రోజున ఇది అచ్చం ఇలాగే ఉండేదండి."

స్తంభం చాటున ఉన్న మనిషిని మేస్టారే చూపించారు. భూలక్ష్మిగారు వరండాలోకి వచ్చి చిన్నమ్మలు చేతులు పట్టుకున్నారు. ఒరుసుకుపోయిన వేళ్లు చూశారు.

"నా తల్లే! ఎంతసేపు తోమేవే?"

చిన్నమ్మలుకి ఏడుపు ఆగలేదు. ఆ పెద్దావిడకీ ఆగలేదు. మేస్టారు పక్కనే నిలబడి చూశారు. ఆయన చదివిన పుస్తకాల్లో చిలుము సంగతి ఉంది గాని, కోడలి సిగ్గు సంగతి ఎక్కడా లేదు.

సాయంత్రం ఆయన రిజిస్టరు తీసి రాసి, పైకి చదివారు. "ఇత్తడి గంగాళం. ఇచ్చినవారు భూలక్ష్మి. తోమినవారు చిన్నమ్మలు, చింతపండు, ఇటుక పొడితో." కాసుల దగ్గరా అదే రాసి, అక్షరాలు అరిగిపోయాయని కూడా రాశారు.

"అది తిట్టాండీ, మెచ్చుకోలాండీ?"

"జరిగింది జరిగినట్టు రాయాలి కదమ్మా."

అమ్మా అన్న పిలుపు తిరిగొచ్చింది. తాళంచెవి మాత్రం ఆయన జేబులోనే ఉండిపోయింది. అడగడానికి ఆవిడకి నోరు రాలేదు. ఒక పూట ఆయన ఆవిడని కుర్చీలో కూచోబెట్టి, చిలుము ఎలా పడుతుందో, దేన్ని పొడిగుడ్డతో మాత్రమే దులపాలో పాఠమంతా మళ్లీ చెప్పారు. ఆయ్, ఆయ్ అంటూ శ్రద్ధగా వింది. అయినా రోజూ గది తలుపు ఆయనే తీసుకునేవారు.

చిన్నమ్మలు ఇంట్లో దేవుడి దగ్గర ఒక రాగి చెంబు ఉంది. తల్లి ఇచ్చినదంటూ ఉన్నది అదొక్కటే. పెళ్లయిన నాటి నుంచీ శుక్రవారం శుక్రవారం దాన్ని తోమడం తప్పలేదు. ఆ శుక్రవారం తోమలేదు. పై శుక్రవారమూ తోమలేదు. మూడో వారానికి పక్కింటి సూరమ్మ తొంగిచూసి, "ఏవే, ఇంట్లో మైలా?" అంది.

"మైలా లేదు, మన్నూ లేదు. నీ పని చూసుకో!" అని కసిరింది గానీ, చెంబు కంటబడినప్పుడల్లా చిన్నమ్మలుకి చేతులు లాగేవి. చింతపండు డబ్బా తీసి పై అరలోకి ఎక్కించుకుంది.

ఏడు శుక్రవారాలు గడిచాక, చెంబుని గుడ్డలో చుట్టి తీసుకెళ్లి మేస్టారి బల్ల మీద పెట్టింది. ఒళ్లంతా నల్లబడింది. మెడ దగ్గర గోరంత పచ్చ.

"మా అమ్మ చెంబండి. ఊడుపుల కూలితో కొనుక్కుందండి. ఆ పెద్దోళ్ల సామాన్ల పక్కన పెడతానంటే ఇస్తానండి. తోమలేదండి మేస్టారూ. ఒట్టండి."

మేస్టారు ఆ గోరంత పచ్చ చూశారు. ఆవిడ ముఖం చూశారు. జేబులోంచి తాళంచెవి తీసి చెంబులో వేశారు.

"నాకు క్లాసుందమ్మా. మీకు నచ్చిన చోట మీరే పెట్టండి."

చిన్నమ్మలు గది తీసింది. గంగాళం పక్కన చోటు చేసి చెంబు పెట్టింది. అలవాటు కొద్దీ కొంగుతో ఒకసారి తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.