ఫ్లా అంటే పెచ్చు

మొన్న మా ఇంటికి సున్నం, తలుపులకు రంగు వేస్తున్న మనిషి కుంచెలను కిరసనాయిల్లో జాడించాడు. తడి సున్నం వాసన, కిరసనాయిలు వాసన కలిసి ముక్కుకు తగలగానే సింహాచలం గారు గుర్తొచ్చారు. ఎనభైల మొదట్లో, ఆటోనగర్‌లో ఇనుప సామాను పరీక్షించే ఒక చిన్న షెడ్డుకు ఆయన పెద్ద. ఐటీఐ చదివి, కంచరపాలెం నుంచి బస్సులో వచ్చే నేను అక్కడ ఒక్కగానొక్క ఆడపిల్లను. జాలరి కుటుంబంలో పుట్టిన ఆయన చదువు పదో తరగతి దాటలేదు. కానీ పాత సామాన్ల కొట్లో దొరికిన లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఒకటి ఎప్పుడూ బల్ల మీద ఉండేది. రోజుకో మాట చదివేవారు.

మా పని చూడ్డానికి తేలికే. ఇనుప వస్తువును అరగంట కిరసనాయిల్లో నానబెట్టి, శుభ్రంగా తుడిచి, సుద్ద పూయాలి. కంటికి కనబడని పగులుంటే, అందులో ఇంకిన నూనె తెల్లటి పూత మీద నల్లగీతగా పైకొస్తుంది. రిపోర్టులో ఆ పగులు ఉందో లేదో రాసే గడికి ఇంగ్లీషులో ‘ఫ్లా’ అని పేరు. తెలుగు మీడియంలో చదివినదాన్ని కాబట్టి, ఫ్లా అంటే తప్పు అని బట్టీపట్టాను. ‘లేదు’ అని రాసినప్పుడల్లా నేనే ఏదో నెగ్గినట్టుండేది.

ఒక సాయంత్రం, పడవల్ని మరమ్మతుకు పైకెత్తే పెద్ద కొక్కెం వచ్చింది. బస్సు తప్పిపోతుందని పది నిమిషాలే నానబెట్టి, అరగంట అని రాసి, ‘ఫ్లా లేదు’ అని సంతకం పెట్టేశాను. మర్నాడు పొద్దున్న వచ్చేసరికి కొక్కేన్ని చేపలరేవుకు పట్టుకుపోయారు. ఎత్తిన పడవ కింద మనుషులు కూర్చుని పని చేస్తారన్న సంగతి అప్పుడు తట్టింది. తిన్నగా సింహాచలం గారి దగ్గరికి వెళ్లి, “సార్, నిన్న నాను అబద్ధం రాసినాను,” అన్నాను.

“ఏటి రాసినావమ్మా?”

చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన లేచి చెప్పులు తొడుక్కున్నారు. “పద, ఆటో పిలువు. అక్కడ ఏటి సెప్పాలో దార్లో ఆలోసించుకో.”

మేం వెళ్లేసరికి పడవకు తాళ్లు కడుతున్నారు. “ఆపండ్రా బాబూ!” అని అరుస్తూ ఆయన పరుగెత్తారు. రేవు మేస్త్రీకి కోపం వచ్చింది. “బాగుందని కాయితం ఇచ్చింది మీరే కదా? ఇప్పుడేటి?” సింహాచలం గారు నా వైపు చూశారు.

“నాను సరిగ్గా సూడలేదండీ. మళ్లీ సూస్తాను,” అన్నాను.

కిరసనాయిల్లో ముంచిన గుడ్డలు కొక్కేనికి చుట్టి, గడియారం చూస్తూ అరగంట ఆగాను. తుడిచి సుద్ద పూశాను. కొక్కెం వంపులో వెంట్రుకంత నల్లగీత మెల్లగా లేచింది. మేస్త్రీ గొంతు మారిపోయింది. “అమ్మో, మావోళ్లు నలుగురు దీని కిందే కూకుందురు.”

ఆ మాటకు నా గుండె మీది బరువు దిగింది, ఏడుపూ వచ్చింది. రేవు గట్టు మీద టీ తాగుతూ, “నాను ఈ పనికి పనికిరాను సార్,” అన్నాను.

“ఫ్లా అన్న మాట ఎక్కడ్నించొచ్చిందో తెలుసా?” అన్నారాయన. “మొదట్లో దానికి తప్పన్న అర్థమే లేదంట. మంచురేకుని, రాతి మీంచి లేసిన పెచ్చుని అలా అనీవోరు. పగులుకి అనడం తర్వాత. మనిషి లోపానికి అంటగట్టింది ఇంకా తర్వాత. పెచ్చు లేసిందని రాయంతా పారేత్తామా?” సముద్రం వైపు చెయ్యి చూపించారు. “ఉన్నట్టుండి ఇసిరికొట్టే గాలినీ ఓడలోళ్లు ఫ్లా అనే అంటారంట. రెండూ ఒక మాటేనో కాదో పుస్తకమూ తేల్సలేదు. అలాటి గాలొస్తే మా అయ్య తెరసాప దించీవోడు. పోయాక మళ్లీ ఎత్తీవోడు. అంతేగానీ, వేట మానేసినాడేటి?”

షెడ్డుకు తిరిగొచ్చాక రిజిస్టరు నా ముందు పెట్టారు. పాత రాతను కొట్టేయబోతే చెయ్యి అడ్డం పెట్టారు. “అదలాగే ఉండనీ. దాని కింద నిజం రాయి.” రాశాను. పొద్దుటి నుంచి మొదటిసారి గుండెల నిండా ఊపిరి ఆడింది.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు, ఆయనా లేరు. తర్వాత చేసిన ఉద్యోగాల్లో తప్పులు చాలానే చేశాను. “నిన్న నేను చూసింది సరికాదు, మళ్లీ చూస్తాను” అని చెప్పడం ఇప్పటికీ నాకు తేలిక కాదు. అయినా, ఆ మాట దాచుకుని ఇంటికి వెళ్లిన రోజు మాత్రం లేదు.