కామెర్లు కాదన్న మెహరున్నీసా మేడమ్

మా జువాలజీ అధ్యాపకురాలు మెహరున్నీసా మేడమ్ గారు గత శుక్రవారం ఏలూరులో గుండెపోటుతో కన్నుమూశారన్న వార్త నన్ను నిశ్చేష్టురాలిని చేసింది. ఆ దుఃఖం ఆరకముందే నిన్నటి సంతాపసభ ఆగ్రహాన్నీ మిగిల్చింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఏడేళ్ళ కిందట తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదువుతుండగా నాకు నిద్ర పోయింది, ఆకలి పోయింది, బతకాలన్న కోరికా పోయింది. కైకలూరులో చేపల చెరువులు చేసే మా నాన్న నన్ను మానసిక వైద్యుడికి చూపించి, మందులిప్పించి, కాలేజీకిచ్చే సెలవుచీటీలో మాత్రం ‘కామెర్లు’ అని రాశారు. హాస్టలువాళ్ళు నమ్మేశారు. ఉప్పు, నూనె లేని పథ్యం పెట్టారు. వార్డెన్‌గారు ఎవరినో పిలిపించి పసరు కూడా తాగించారు. ఉన్న రోగానికి దాపరికం, లేని రోగానికి వైద్యం! ఎంత ఘోరమండీ!

ఓరోజు ల్యాబులో కళ్ళు తిరిగి పడిపోయాను. మేడమ్ గారు నా కనురెప్ప కిందికి లాగి చూశారు. “కామెర్లొచ్చిన కళ్ళు ఇంత తెల్లగా ఉంటాయా? నిజం చెప్పమ్మా,” అన్నారు. చెప్పేశాను. మర్నాడే ఫోన్ చేసి నాన్నను పిలిపించారు.

“కామెర్లంటే తగ్గిపోతాయండీ. ఆ మాట బయటికొస్తే పిల్లని జన్మంతా పిచ్చిదంటారండీ మేడమ్ గారూ,” అని నాన్న బావురుమన్నారు.

“అనేవాళ్ళకి భయపడి పిల్ల కడుపు మాడుస్తారా అండీ?” అన్నారావిడ.

నాన్న చీటీ మార్చి రాశారు. అది చూసి అప్పటి ప్రిన్సిపాల్‌గారు, “ఇలాంటివాళ్ళుంటే మిగతా పిల్లలు చెడిపోతారండీ, టీసీ ఇచ్చేద్దాం,” అన్నారు, ఎంతో మర్యాదగా! ఒక విద్యాలయాధిపతి నోట ఆ మాట!

మేడమ్ గారు లేచి నిలబడ్డారు. “పదకొండేళ్ళుగా నేనూ అలాంటి మాత్రలే వేసుకుంటున్నానండీ. ముందు నాకివ్వండి టీసీ.”

నా చదువు నిలిచింది. ఆవిడ వెనక మాత్రం స్టాఫ్‌రూమ్‌లో ఏళ్ళ తరబడి గుసగుసలు నడిచాయి. ఆవిడ ఖాతరు చేయలేదు. దిగులుతో వచ్చిన ప్రతి పిల్లకీ ముందు తన సంగతే చెప్పేవారు.

నిన్నటి సభలో ఆవిడ పాండిత్యం పొగిడారు, క్రమశిక్షణ పొగిడారు. నేనీ సంగతి చెప్పబోతే నిర్వాహకులొకరు మైకు లాక్కుని, “పోయినావిడ పరువు తీయకండీ,” అన్నారు. ఏం పరువండీ? ఆవిడకు లేని సిగ్గు మీకెందుకు?

అయినా ఎవరిని అని ఏం లాభం? ఇప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెబుతున్న నేను, నా జబ్బు సంగతి ఇంతవరకు ఏ విద్యార్థికీ చెప్పలేదు. ఆవిడున్నారు కదా అనుకున్నాను. మేడమ్ గారూ, ఆ పిరికితనాన్ని క్షమించండి. మీ స్థానం భర్తీ చేయగల ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ఈ ఉదయం ఒకమ్మాయి మీ గది గుమ్మంలో నిలబడి, “మేడమ్ ఇంక రారా అండీ?” అని ఏడ్చింది. లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. “ఆ దిగులు జబ్బు నాకూ వచ్చిందమ్మా,” అని మొదలుపెట్టాను.