పద్నాలుగో ప్రశ్నకి జవాబు దాలమ్మ

ఎవరితోనైనా తగువు పెట్టుకుంటే గాని దాలమ్మకి తెల్లవారదు. ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళోని సిద్ధగోరా పేటలో ఆమె పాలపేకెట్లు వేసే తెలుగువాళ్ళ సందులో నలభై రెండు ఇళ్ళున్నాయి. నలభై రెండింటితోనూ తగువే. ఎవరైనా ఊరెళ్తే ఆ పూట తలుపుకి వేలాడే తాళాన్ని తిట్టి ముందుకి నడుస్తుంది.

తగువుకి ఆమెకి కారణం అక్కర్లేదు, చేతిలో పాలుంటే చాలు. మిగతా పాలవాళ్ళు పేకెట్టుని గేటుకి తగిలించి తమ దారిన పోతారు. దాలమ్మ పోదు, తలుపు బాదుతుంది. లోపలి మనిషి లేచి, కళ్ళు నులుముకుంటూ వచ్చి, స్వయంగా చెయ్యి చాపి పుచ్చుకోవాలి. ఈలోగా ఆ మనిషి నిద్ర మీదా, నడక మీదా, ముగ్గు వెయ్యని గుమ్మం మీదా ఆమె చెప్పాల్సింది చెప్పేస్తుంది.

టీచరు సువర్ణకుమారి ఈ బాధ పడలేక ఓ గుడ్డసంచి కుట్టి గేటుకి కట్టింది.

"ఇందులో వేసి వెళ్ళు దాలమ్మా. ఆదివారం చర్చికి ముందు ఒక్క గంటైనా పడుకోనీ."

"పాలు నీకా, సంచీకా? సంచి తాగుతాదేటి? సెయ్యి సాపు!"

సంచి రెండు వానాకాలాలు అక్కడే వేలాడి రంగు పోయింది. అందులో ఒక్కనాడూ పాలు పడలేదు.

అలాంటి దాలమ్మ వల్ల త్రివేణి చదువుకే ఎసరు వచ్చింది. త్రివేణిది అదే ఊళ్ళో అవతలి చివరనున్న గోవింద్‌పూర్. బియ్యే మూడో ఏడు, సోషియాలజీ. గీతాంజలి మేడమ్ అనే పరిశోధకురాలు ఎక్కడో పెద్ద నగరంలో కూర్చుని, పట్టణాల్లో మానవ సంబంధాలు ఎలా ఉన్నాయో కొలుస్తోంది. ఆవిడకి దుమ్ము పడదు. అందుకని మానవుల దగ్గరికి వెళ్ళే పని కాలేజీ పిల్లలకి అప్పగించింది. సిద్ధగోరా సందు త్రివేణికీ, కద్మా నుంచి వచ్చే ఫెలిక్స్‌కీ పడింది. పని చక్కగా చేస్తే మేడమ్ ఒక సిఫార్సు ఉత్తరం ఇస్తుంది. ఆ ఉత్తరం ఉంటేనే త్రివేణికి ఎమ్మే సీటు మీద ఆశ.

ఫారం ఆరు పేజీలు. పద్నాలుగో ప్రశ్న: ఈ ఆరు నెలల్లో మీరు ఎక్కువగా తగువు పడింది ఎవరితో? పదిహేనోది: ఒంట్లో బాగోకపోతే ముందు ఎవరికి కబురు పెడతారు? పదిహేనోదానికి పుణేలో కొడుకు, బెంగుళూరులో కోడలు, రాంచీలో కూతురు అని రకరకాల జవాబులొచ్చాయి. పద్నాలుగోదానికి మాత్రం సందు సందంతా ఏకగ్రీవం.

ఫారాలు చేరిన మూడో రోజున మేడమ్ వీడియోలో పిలిచింది.

"నలభై రెండు ఇళ్ళు, నలభై రెండు దాలమ్మలు! ఇంట్లో కూర్చుని నింపారా?"

"లేదు మేడమ్, నిజంగానే అందరూ ఆ పేరే చెప్పారు."

"ఒక్క మనిషి ఇన్ని ఇళ్ళతో తగువాడటం సాధ్యమేనా? తీరికెక్కడిది?"

"ఆరున్నరకల్లా అయిపోతుంది మేడమ్."

మేడమ్‌కి నవ్వు రాలేదు. "శనివారంలోగా ఆ దాలమ్మ ఫారం, గొంతు రికార్డుతో సహా నాకు చేరాలి. లేకపోతే మీ ఫారాలన్నీ రద్దు. ఉత్తరం సంగతి మర్చిపోండి. మీ కాలేజీకి కూడా రాస్తాను."

తెర ఆరిపోయాక ఫెలిక్స్ తల పట్టుకున్నాడు. "సబ్ ఖతమ్ యార్!"

మంగళవారం త్రివేణి వెళ్ళింది.

"నమస్తే అమ్మమ్మా, కొన్ని ప్రశ్నలు…"

"అమ్మమ్మేటి? నాకు ముప్పై రెండు పళ్ళూ ఉన్నాయి, కరిసి సూపించమంటావా? అత్తా అను. అనీసి ఎల్లిపో."

బుధవారం ఫెలిక్స్ వెళ్ళాడు. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఏమైందో ఇప్పటికీ చెప్పడు.

గురువారం మళ్ళీ త్రివేణి వెళ్ళింది. దాలమ్మ నోరు తెరిచేలోపే ఆ పిల్లకి దుఃఖమూ కోపమూ కలిసి పొంగుకొచ్చాయి.

"నువ్వు లోకమంతటితోనూ తగువులాడి నా బతుకు ముంచావు అత్తా! నీలాంటి మనిషి ఉందంటే ఎవరూ నమ్మడం లేదు. నేను అబద్ధాలకోరునట! నీ నోటి వల్ల నాకు రావాల్సిన ఉత్తరం, సీటు రెండూ పోతున్నాయి, తెలుసా?"

దాలమ్మ తృప్తిగా చూసింది. "ఇదిగో, ఇలా మాటాడాలి. మొన్న వచ్చి ఆ నమస్కారాలేటి? రేపు తెల్లారి ఐదింటికి రా. పాలేత్తా సెప్తాను."

శుక్రవారం ఐదింటికి రౌండు మొదలైంది. ఒక తలుపు దగ్గర "దొర లేవలేదేటి?", ఇంకో తలుపు దగ్గర "మొహమలా ఉబ్బిపోయిందేటి, బీపీ బిళ్ళ ఏసుకున్నావా, మింగీసానని అబద్ధమాడతన్నావా?" తిట్లన్నీ విని త్రివేణికి ఒకటి తోచింది. ఫారంలో ఆరోగ్యం గురించి మేడమ్ అడగని ప్రశ్నలన్నీ ఈవిడ అడిగేస్తోంది.

ఇరవై ఏడో ఇల్లు ఆదిబాబుది. రిటైరైన క్రేన్ డ్రైవరు, ఒంటిగాడు. దాలమ్మ తలుపు బాదింది. పలుకు లేదు. మళ్ళీ బాదింది.

"ఓ ఆదిబాబు బావా! సచ్చావేటి?"

గొంతు ఎప్పటిలాగే సందు దద్దరిల్లేలా ఉంది. కానీ ఆ వెంటనే ఆమె చెవిని తలుపుకి ఆనించడం త్రివేణి చూసింది.

తలుపు తెరుచుకుంది. సగం మొహానికి నురగతో ఆదిబాబు ప్రత్యక్షమయ్యాడు. "బతికే ఉన్నానే తల్లీ! గెడ్డం గీసుకోనీవా?"

"గీసుకుని ఏ పెళ్ళికెల్తావు? సెయ్యి సాపు!"

పేకెట్టు అతని చేతిలో కుక్కి గబగబా నడిచింది. సందు చివర కల్వర్టు మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. త్రివేణి ఫోన్లో రికార్డింగు ఆపేసి పక్కన కూర్చుంది.

"ఆ మూలిల్లు సూసావా? సీతారామరావుగారిది. ఆయనా ఒక్కడే. అప్పట్లో నానూ అందర్లాగే గేటుకి తగిలించీదాన్ని. సోమారం తగిలించాను. మంగళారం సూత్తే అది అలాగే ఉంది. పక్కన ఇంకోటి తగిలించాను. బుధారం ఇంకోటి. నా సేత్తో నానే, గుంటా. గురువారం వాసనొచ్చింది. పాలు ఇరిగిపోయాయనుకున్నాను."

ఈ సంగతి రాసుకోవడానికి ఆరు పేజీల్లోనూ ఎక్కడా గడి లేదు.

త్రివేణి అడిగింది. "ఈ మాట అందరికీ చెప్పెయ్యొచ్చు కదా అత్తా?"

"ఏటని సెప్పనూ? నువ్వు సచ్చావేమో సూడ్డానికొచ్చానంటే ఎవుడు తలుపు తీత్తాడు? తగువనుకో, పరిగెత్తుకొత్తారు. సర్లే, నీ మిసను నొక్కు. ఏటడగాలో అడుగు."

పద్నాలుగో ప్రశ్నకి దాలమ్మ నలభై రెండు పేర్లూ ఇంటి వరసలో తడుముకోకుండా చెప్పింది. పదిహేనో ప్రశ్న అడగడానికి త్రివేణికి నోరు రాలేదు. అయినా అడిగింది. మేడమ్ ఒక్క గడి ఖాళీ ఉన్నా ఒప్పుకోదు.

"నీకు ఒంట్లో బాగోకపోతే ఎవరికి కబురు పెడతావు అత్తా?"

దాలమ్మ ఖాళీ క్రేటు నెత్తికెత్తుకుంది. "కబురేటి? పాలు రాకపోతే ఆళ్ళే వత్తారు, తిట్టడానికి."

నలభై రెండు ఫారాల్లో ఒక్కరు కూడా పదిహేనో గడిలో దాలమ్మ పేరు రాయలేదన్న సంగతి త్రివేణికి తెలుసు. చెప్పలేదు.

మేడమ్ రికార్డు విని "చాలా ఆసక్తికరం" అంది. తర్వాత దాలమ్మ ఫారాన్ని లెక్కలోంచి తీసేసింది. అలాంటి మనిషి ఒక్కరున్నా సగటు చెడిపోతుందట. తక్కిన నలభై రెండూ ఉంచింది. ఉత్తరం మూడు వాక్యాల్లో వచ్చింది. త్రివేణి దానికి ప్లాస్టిక్ కవరు వేయించి బీరువాలో పెట్టుకుంది. మళ్ళీ సిద్ధగోరా వైపు రెండు నెలలు పోలేదు. మానవ సంబంధాల మీద అందరి పనీ అలా ముగిసింది.

జనవరిలో ఓ పొద్దున ఫెలిక్స్ ఫోన్ చేశాడు. సువర్ణకుమారి అతనికి పెద్దమ్మ. "దాలమ్మ ఆజ్ దూధ్ లేకర్ నహీ ఆయీ. ఇవాళ సందులో పాలే పడలేదని పెద్దమ్మ చెప్పింది."

త్రివేణి రెండు ఆటోలు మారి వెళ్ళేసరికి ఎనిమిదైంది. దాలమ్మ గుమ్మంలో ఆరుగురున్నారు. తక్కిన ముప్పై ఆరు ఇళ్ళవాళ్ళూ కొట్లో పేకెట్టు కొనుక్కుని, ఒక్క పూటైనా హాయిగా పడుకున్నారు. లోపల దాలమ్మ జ్వరంతో మంచం మీద ఉంది. సువర్ణకుమారి ఆ రంగు పోయిన సంచీలోంచి గంజి గిన్నె తీస్తోంది. ఆదిబాబు సగం గీసిన గెడ్డంతోనే వచ్చేసి, మంచం పక్కన నిలబడి అరుస్తున్నాడు.

"ఏటే, పాలేవీ? అసలున్నావా, పోయావా?"

"నీ గెడ్డం పూర్తయ్యేదాకా పోను బావా. ఎల్లు!"

తిట్టడానికే వచ్చారు. ఆ తిట్టడంలో ఒకడు మాత్రలు తెచ్చాడు, ఒకామె దుప్పటి సర్దింది. నీరసంగా ఉన్నా దాలమ్మ ఎవరికీ బాకీ ఉంచకుండా తిరిగి తిడుతోంది. అంతలో గుమ్మంలో నక్కి ఉన్న త్రివేణి కనపడింది.

"ఉత్తరమొచ్చిందా?"

"వచ్చింది అత్తా."

"ఎప్పుడు?"

"రెండు నెలలైంది."

"రెండు నెలలా! ఇన్నాళ్ళూ నువ్వున్నావో నేదో నాకెలా తెలుత్తాది? గోవింద్‌పూర్ దాకా పాలెయ్యగలనేటి? నీ నంబరు రాసీ."

త్రివేణి తలొంచుకుని రాసిచ్చింది.

మర్నాడు ఐదున్నరకి ఫోను మోగింది. "లేవలేదేటే గుంటా?" అని మొదలుపెట్టి, జ్వరం గొంతుతోనే దాలమ్మ పది నిమిషాలు తిట్టింది. చదువుని తిట్టింది, నిద్రని తిట్టింది, రెండు నెలల్నీ రోజు రోజూ లెక్కగట్టి తిట్టింది. త్రివేణి దుప్పట్లోంచి కదలకుండా అంతా విని, ఆఖర్న, "ఉన్నాను అత్తా," అంది.