ఘాటు లేని బొమ్మ

ఆ రోజుల్లో, అంటే నేను డిగ్రీ చదువుతూ, ఫోను చేతికి కొత్తగా వచ్చిన రోజుల్లో, బొమ్మ గీయడానికి పట్టే టైము కంటే దాన్ని గ్రూపులో పెట్టి ఎవరెవరు మెచ్చుకున్నారో చూసుకోవడానికే ఎక్కువ టైము పట్టేది. సరదాగా బొమ్మలు గీసుకునే తెలుగువాళ్ల గ్రూపు అది. ఏం పెట్టినా 'సూపర్', 'కేక', చప్పట్లు. నేనూ అందరికీ చూడకుండానే 'సూపర్' పెట్టేదాన్ని (ఒకాయన చెయ్యి విరిగింది, కొన్నాళ్లు గీయలేనని రాస్తే దానికీ సూపరే పెట్టాను).

ఆ మిరప సీజనులో మా నానమ్మ బొమ్మ గీశాను. కల్లంలో ఎండు మిరపకాయల రాశి ముందు కూర్చుని, తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నట్టు. పట్టుచీర, ముక్కుపుడక, చక్కటి చిరునవ్వు. గ్రూపంతా చప్పట్లు. మురిసిపోతూ నానమ్మకి చూపిస్తే, కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "ఎవరే ఈవిడ? మన ఊరావిడేనా?" అంది. ప్రాణం చివుక్కుమంది. నానమ్మే తనని గుర్తుపట్టకపోతే ఇంక నేను గీసిందెవర్ని? ఆ పూటే గ్రూపులో తాడేపల్లి ఆయనొకరు (ఎవరి బొమ్మనైనా చెరిపి మళ్లీ గీయమంటాడని ఆయనకి రబ్బరు మాస్టారు అని పేరు పెట్టాం) కింద రాశారు: "బొమ్మలో ఘాటు లేదమ్మాయ్. అంత రాశి ముందు కూర్చున్నావిడకి తుమ్మెందుకు రావట్లేదు?"

ఒళ్లు మండింది. తాడేపల్లిలో కూర్చున్న ఈయనకి మా కల్లం సంగతేం తెలుసు? ఆయనదే తప్పని తేల్చేద్దామని మర్నాడు కల్లానికి వెళ్లాను. చూద్దును కదా, నానమ్మ మొహమే కనపడలేదు. ముక్కు మీదుగా చుట్టిన తువ్వాలు, చీర మీద తాతయ్య ఫుల్‌హ్యాండ్స్ చొక్కా. ఘాటుకి తట్టుకోవాలని కల్లంలో ఆడవాళ్లంతా అలాగే కూర్చుంటారు. ఊహ తెలిసినప్పటినుంచీ చూస్తున్నదే. అయినా నాకు తట్టలేదు.

మొహం లేకుండా నానమ్మని ఎలా గీయనని మాస్టారినే అడిగాను. "కళ్లున్నాయిగా, చేతులున్నాయిగా," అన్నారు. గీసి పెట్టాను. చొక్కాలో దిండు కుక్కినట్టుందన్నారు. మళ్లీ గీశాను. భుజం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోందన్నారు. విసిగిపోయి, "మీరైతే ఎలా గీస్తారండీ?" అని పెట్టాను (అందులో మర్యాదల్లా ఆ 'అండీ' ఒక్కటే). సాయంత్రానికి ఆయన గీసిన కాగితాల ఫోటోలు వరసగా వచ్చిపడ్డాయి. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చున్న ఒకావిడ. పక్కనుంచి, వెనకనుంచి, మోచేయి దగ్గర ముడతలు మాత్రం విడిగా. కింద రాశారు: "మా ఆవిడని కూర్చోబెట్టాను. కూర పొయ్యి మీదుంటే ఈ వేషమేంటని తిట్టింది. అయినా కదల్లేదు. మోచేయి చూడు."

పేరు తప్ప ఏమీ తెలియని ఒక పిల్ల బొమ్మ కోసం ఆ ఇంట్లో కూర మాడింది. నా బొమ్మని నాకంటే ఎక్కువసేపు చూసిన మనిషి ఒకరున్నారంటే, సంతోషమో భయమో తెలియని గుబులు. ఆ ఫోటోలు ఎదురుగా పెట్టుకుని, రోజూ కల్లంలో నానమ్మ పక్కనే కూర్చుని, తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ గీశాను (మిరపకాయలు ముట్టుకున్న చేత్తోనే తుడుచుకుని లబోదిబోమన్నది కూడా అప్పుడే).

కాయలు గోతాల్లో తొక్కి టిక్కీలకెత్తే రోజున బొమ్మ చూపించాను. నానమ్మ తువ్వాలు గడ్డం కిందికి లాక్కుని, "మీ తాతయ్య చొక్కా," అంది. వేలు కిందికి జరిపి, "ఎడమ కాలు ఇట్టా చాపుకునేది నేనేగా. నేనేనే ఇది," అని, కాగితం పట్టుకుని కల్లమంతా తిప్పి అందరికీ చూపించింది. గ్రూపులో మాత్రం చప్పట్లు బాగా తగ్గాయి. మొహం గీయడం మర్చిపోయావా అని కూడా ఒకరు అడిగారు. మాస్టారు ఒక్క ముక్క రాశారు: "తుమ్మొచ్చింది."

ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడా గ్రూపులో ఆయన కనపడటం లేదు. మొన్న ఎవరో పిల్ల, ట్రాక్టరు నడుపుతున్న వాళ్ల నాన్న బొమ్మ పెడితే, 'సూపర్' అని కొట్టబోయి ఆగాను. ఆ భుజాలు సరిగ్గా లేవు. మా ఆయన చేతికి స్టీరింగు బదులు ఖాళీ అన్నం పళ్లెం ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. "ఇందులో అన్నం ఎప్పుడు పెడతావు?" అన్నారు. కదలొద్దన్నాను.