ఫుట్‌బోర్డు మీద ఎమ్మెస్సీ

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కున్నా ఒళ్ళు మండుతూనే ఉంది. అప్లైడ్ మ్యాథమేటిక్స్ ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు, రేవు బయట ఓడలు ఎంతసేపు ఆగాల్సి వస్తుందో లెక్కగట్టడం. ఆ ప్రోగ్రాం కంప్యూటర్ మీద నడపడానికి ఈ సాయంత్రం నా వంతు. సోమవారం ఫలితాలు చూపించకపోతే ఇన్నాళ్ళ పనీ వృథా.

ప్రోగ్రాం ఎక్కించిన పంచ్ కార్డుల పెట్టె పట్టుకుని, కంప్యూటర్ గది గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేసరికి మా క్లాసు రమణ కార్డులు మిషన్లోకి వెళుతున్నాయి.

"నానే వంతులు మార్సినానమ్మా," అన్నాడు ఆ గది ఇన్‌ఛార్జి, పెద్ద ఉపకారం చేసినట్టు. "సీకటి పడిపోతే ఆడపిల్లవి, గాజువాక బస్సులో ఏటి యాతన? నీది వచ్చే వారం సూద్దాం."

"రమణదీ గాజువాకే కదండీ. ఇద్దరం ఎక్కేది ఒకటే బస్సు."

"ఆడికేటమ్మా, మగోడు! ఫుట్‌బోర్డు మీద ఏలాడి ఎల్పోతాడు."

ఎంత వాదించినా ఇన్‌ఛార్జి వినలేదు. చెప్పులేసుకుని వచ్చేశాను.

బస్సు కిక్కిరిసి ఉంది. ఫుట్‌బోర్డు మీదే నిలబడ్డాను, ఒక చేత్తో కడ్డీ, ఇంకో చంకలో పెట్టె.

"లోనికి రామ్మా, పడిపోగలవు!" అని కండక్టరు అరుస్తూనే ఉన్నాడు. గాజువాక దాకా కదల్లేదు. ఒక్క కార్డూ జారలేదు.

రేపు పొద్దున్నే మా డిపార్టుమెంటు హెడ్డుగారి గదికి వెళుతున్నాను. కంప్యూటర్ దగ్గరికి రానివ్వడానికి ఇంకే అర్హత కావాలో మీకెవరికైనా తెలిస్తే ఈలోగా చెప్పండి.