మాట మీద బొటనవేలు

మా తెలుగు మాస్టారు మొన్న పోయారు. గాజువాకలో ఆయన ఇంటి సందు మొదట్లో అప్పుడే ఫ్లెక్సీ కట్టేశారు: 'విద్యారంగానికి తీరని లోటు'. మాస్టారి ఫొటో అరచేయంత, కట్టించిన నాయకుడి ఫొటో నిలువెత్తు. లోటు ఎవరికో, లాభం ఎవరికో ఆయనే ఉంటే చెప్పేవారు.

తెలియని మాట వస్తే ఆయన నిఘంటువు తియ్యనిచ్చేవారు కాదు. దాని మీద బొటనవేలు పెట్టి మూయించి, మిగతా వాక్యం చదివించేవారు. "దాన్నడిగితే అబద్ధమాడతాది. పక్కోల్ని అడుగు" అనేవారు. మాస్టారా, పోలీసా అని నవ్వుకునేవాళ్లం.

మా బడికి 'హేతుబద్ధీకరణ' వచ్చినప్పుడు ఆ నవ్వు పోయింది. టీ బడ్డీ దగ్గర పేపరు నా ముందుకు తోసి, "మూసి సదువు" అన్నారు. చదివాను. పిల్లల్ని ఇంకో బడికి పంపుతారట, మాస్టార్లను సర్దుతారట, భవనాన్ని అప్పగిస్తారట.

"ఇప్పుడు సెప్పు, ఏటి సేత్తారు?"

"మూసేత్తారు, మాస్టారూ."

"మరా మాటే రాయొచ్చు గదరా, సిరా ఏటైనా తక్కువొచ్చిందా?"

నా రాతల్లోని కోపం ఆ బడ్డీ దగ్గర మొదలైందే. తియ్యటి పెద్దమాట కనిపిస్తే ఇప్పటికీ నా బొటనవేలు ఊరుకోదు.

పోయిన నెల ఆసుపత్రిలో డాక్టరు ఆయన కూతురినీ నన్నూ బయటికి పిలిచి, "ఇక పాలియేటివ్ కేర్" అన్నాడు. మంచివాడే, మెల్లగానే చెప్పాడు. కన్నతండ్రికి ఆ సంగతి ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు. అర్థం కాదులే అనుకుని ఆ ఇంగ్లీషు మాటనే లోపలికి పట్టుకెళ్లింది.

"ఏదో పాలియేటివ్ అంట, నాన్నా. కొత్త వైద్యం."

మాస్టారు నావైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

"ఆ మాటొగ్గీ, పాపా. సుట్టూ ఏటన్నాడు?"

"ఇంటికి తీసుకెళ్లమన్నారు."

"ఇంకా?"

"నొప్పి లేకుండా సూసుకోమన్నారు. అడిగింది పెట్టమన్నారు."

"మళ్లీ స్కానింగు ఎప్పుడన్నాడు?"

"అక్కర్లేదన్..." ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మాస్టారు దుప్పటి మీద బొటనవేలు ఆనించారు. తర్వాత, "అయితే సేపల పులుసెట్టు. ఈసారి ఉప్పు సరిగ్గా ఎయ్యి" అన్నారు.

ఆయన చావు ఆయనది. దాన్ని ఆయనకే తెలియకుండా దాచే హక్కు ఎవరిచ్చారు? ప్రభుత్వాలను రోజూ అడిగే ఈ ప్రశ్న ఆ గదిలో నా నోట రాలేదు. దాచిన సంగతిని ఆయనే లాక్కున్నారు.

పులుసు తిన్న రోజు చెయ్యి సరిగా కడుక్కోకుండానే పేపరు అందుకున్నారు. అది నా దగ్గరుంది. ఒక మాట మీద పసుపూ నూనే కలిసిన బొటనవేలి ముద్ర. కింద ఏముందో వెలుతురుకు పట్టి చూడలేదు. చుట్టూ ఉన్నవే చదువుతున్నాను.