కొత్త బావ గేమ్ డబ్బాకు కొత్త ఫర్మ్‌వేర్

ఇంటర్ చదివే ఆ వయసులో ఏ వస్తువునైనా ఉన్నదున్నట్టు వదిలేయడం నాకు చేతనయ్యేది కాదు. దొరికిన ప్రతి ఫోన్లో సాఫ్ట్‌వేర్ మార్చాల్సిందే, అది చెడితే ఇంకోటి ఎక్కించాల్సిందే. కల్లూరులో మా వీధికంతా నేనే నిపుణుణ్ణి (ఆ బిరుదు నాకు నేనే ఇచ్చుకున్నాను). అలాంటి నా కళ్లు, పెళ్లయ్యాక అక్కతో మొదటిసారి మా ఇంటికొచ్చిన కడప బావ చేతిలోని గేమ్ కన్సోల్ మీద పడ్డాయి. అరచేతుల్లో పట్టే పాత మోడల్. బావ ఎవరితోనూ మాట్లాడకుండా, వచ్చినప్పటి నుంచి తల వంచుకుని అందులోకే చూస్తున్నాడు.

తీసుకుని చూస్తే, కంపెనీది కాకుండా బయటివాళ్లు తయారుచేసిన ఫర్మ్‌వేర్ (డబ్బాను లోపల నడిపించే సాఫ్ట్‌వేర్) ఉంది గానీ బాగా పాతది. కొత్తది ఎక్కిస్తే బోలెడు ఆటలు వస్తాయని ఊరించాను. కాదనలేక నా చేతికే వదిలేసి బావ స్నానానికి వెళ్లాడు. ఫైలు మెమరీ కార్డులో వేసి, బ్యాటరీ ముసలిది కాబట్టి చార్జర్ తగిలించి, మొదలుపెట్టాను. మధ్యలో ఆగితే డబ్బా ఇక పనికిరాదని తెర మీద హెచ్చరిక. గీత నిండుతుంటే నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. అంతలో మా అవ్వ మిక్సీ చంకన పెట్టుకొని వచ్చింది. వంటింట్లో ప్లగ్గు పనిచేయడం లేదట. నా చార్జర్ పీకి, పచ్చడి రుబ్బడానికి మిక్సీ పెట్టి, "అల్లునికి ఊరిబిండి చేస్తాండా, నీ ఆట మళ్లా ఆడుకో" అంది.

తెర నల్లబడింది. కొత్తల్లుడు అలిగి వెళ్లిపోతాడని అమ్మ వణికింది, అక్క నన్ను కళ్లతోనే నమిలేసింది. తల తుడుచుకుంటూ వచ్చిన బావకు డబ్బా చూపించాను. అటూ ఇటూ తిప్పి, నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు.

"నాకు దీన్ని ఆడేకే రాదప్పా. మీ ఇంట్లో ఇంతమంది ఉండారు, యాడ చూడల్లో తెలీక దీన్ని చూస్తాంటి."

మిక్సీ మోతను మించి నవ్వాను. ఆయనా నవ్వాడు. భోజనాలయ్యాక మళ్లీ చార్జర్ పెడితే డబ్బా బతికింది (ఎక్కించడం అప్పటికే అయిపోయిందేమో), కాకపోతే మెనూ అంతా జపాను భాష. ఒక్క అక్షరం తెలియకపోయినా దొరికిన బటన్నల్లా నొక్కి, ఒక కారు ఆట పట్టుకుని, సాయంత్రం దాకా ఇద్దరం గోడలకు గుద్దుతూనే ఉన్నాం. బావ మా ఇంట్లో మొదటిసారి తలెత్తి మాట్లాడింది ఆ రోజే.

ఇప్పుడు నా ఫోనుకు అప్‌డేట్ వచ్చిందంటే, ఏం పోతుందోనని "తర్వాత" నొక్కేస్తుంటాను. ఆ ఇంటర్ కుర్రాడు పక్కనుంటే ఫోను లాక్కుని ఎప్పుడో ఎక్కించేసేవాడు. నేనూ గట్టిగా వద్దనేవాణ్ణి కాదు.